ఎక్కడున్నావని అడిగే హక్కు

(జస్టిస్ కోకా సుబ్బారావు స్మృతికి నివాళిగా టెక్కలిలో చేసిన స్మారకోపన్యాసానికి ముద్రిత పాఠం)



ఈ సభ ఎవరి స్మృతికి నివాళిగా జరుగుతోందో ఆ మహనీయుడు 1902లో రాజమహేంద్రవరంలో పుట్టారు. 1954లో ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1966లో దేశ ప్రధాన న్యాయమూర్తి పదవిని అధిష్ఠించారు. కోకా సుబ్బారావు పేరు వినగానే న్యాయవాదులకు 1967 నాటి గోలక్‌నాథ్ తీర్పు గుర్తుకు వస్తుంది. అంతకు నాలుగేళ్ల ముందు, 1962 డిసెంబరు 18న, ఆయన రాసిన మరో తీర్పు ఉంది. ఆనాడు అది ఓడిపోయిన పక్షపు తీర్పు. జేబులో స్మార్ట్‌ఫోను పెట్టుకుని తిరిగే ఈ కాలానికి ఆ తీర్పుతో ఉన్న సంబంధమే ఈ ఉపన్యాసానికి విషయం.

ఖరక్ సింగ్ ఉత్తరప్రదేశ్‌కు చెందిన మనిషి. 1941లో పోలీసులు ఆయనను ఒక బందిపోటు కేసులో పట్టుకుని, సాక్ష్యం దొరక్క వదిలేశారు. కేసు పోయింది గాని ఆయన పేరున తెరిచిన హిస్టరీ షీటు మాత్రం మిగిలింది. ఆ రాష్ట్ర పోలీసు నిబంధనల్లో 236వది అలాంటివారిపై నిఘా ఎలా పెట్టాలో చెప్పేది. ఇంటి దారుల్లో రహస్యంగా కాపలా కాయాలి, రాత్రిపూట తలుపు తట్టాలి, ఊరు దాటి ఎక్కడికి వెళ్లాడో, ఎప్పుడు ఇంట్లో లేడో కానిస్టేబులూ చౌకీదారూ పైకి నివేదించాలి, వెళ్లిన ఊళ్లో విచారణ చీటీలతో దాన్ని సరిచూసుకోవాలి. ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనంలో నలుగురు రాత్రి సోదాలను మాత్రమే కొట్టేశారు. కదలికల మీద నిఘాను తప్పుపట్టలేదు. గోప్యత అనే హక్కు రాజ్యాంగంలో లేదన్నారు. సుబ్బారావు, ఆయనతో ఏకీభవించిన జస్టిస్ జె.సి. షా మొత్తం నిబంధనే చెల్లదన్నారు. కాళ్లకు సంకెల లేకపోయినా అడుగడుగునా వెంటాడే కన్ను ఉన్నప్పుడు ఆ మనిషి నడకను స్వేచ్ఛ అనలేమని, అది మనసుకు వేసిన సంకెల అని సుబ్బారావు వాదన. గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో విడదీయలేని భాగమని కూడా ఆయన అక్కడే రాశారు.

ఆనాటి నిఘాకు ఒక కానిస్టేబులు నడవాలి, ఒక చౌకీదారు కళ్లు తెరుచుకుని కూర్చోవాలి, ఒక చీటీ ఊరి నుంచి ఊరికి చేరాలి. ఈనాడు ఇవేవీ అక్కర్లేదు. ఆ సమాచారమంతా, అంతకు వందరెట్లు కచ్చితంగా, మనిషి తన డబ్బుతో కొనుక్కున్న వస్తువే చెప్పేస్తుంది. పైగా చాలాసార్లు అతని అనుమతితోనే చెబుతుంది. అందుకే అసలు విచారణ అనుమతి దగ్గర మొదలు కావాలి. జనం తమ చోటు చెప్పడానికి ఎప్పుడు ఒప్పుకుంటున్నారు, ఎప్పుడు ముఖం తిప్పుకుంటున్నారు?

దీనికి రెండు జవాబులు తేలిగ్గా వినిపిస్తాయి. పల్లె జనానికి గోప్యత పట్టదని ఒకటి. తెలియక ఒప్పుకుంటున్నారు, తెలిస్తే ఒప్పుకోరని మరొకటి. పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా పరుచుకున్న ఉద్దానం ప్రాంతపు జీవితం ఈ రెండింటినీ బలపరచదు. ఇక్కడి మనుషులు తమ ఉనికిని ఒకరికి దాపరికం లేకుండా చెబుతారు, ఇంకొకరికి ఎంత అడిగినా చెప్పరు. అడిగినవారు బదులుగా ఏ బాధ్యత తలకెత్తుకుంటారు, చెప్పిన మాట వారి దగ్గర ఎంతకాలం నిలుస్తుంది, వద్దనుకుంటే ఆపేసే వీలుందా అన్న మూడు ప్రశ్నలతోనే వారు తూచుకుంటారు. ఆ తూకం న్యాయమైనది. చట్టమూ సాంకేతికతా ఇంకా దాన్ని అందుకోలేదు.

పలాస రైల్వే స్టేషను చూస్తే చాలు. ఉద్దానం యువకులు బతుకుతెరువు కోసం హైదరాబాదు, చెన్నై, ముంబై, సూరత్, గల్ఫ్ దాకా వెళతారు. పండక్కి తిరిగివచ్చే కొడుకు కోసం తెల్లవారుజామున మోటారు సైకిలు వేసుకుని వచ్చిన తండ్రి ఫోనులో 'వేర్ ఈజ్ మై ట్రైన్' తెరిచి ఉంటుంది. 'నౌపడ దాటీసింది, పూండి వచ్చీస్తంది' అని పక్కవాడికి చెబుతాడు. రైల్లో ఉన్నవారి ఫోన్లకు దారిలో తగిలే సెల్‌టవర్లను బట్టి ఆ యాప్ రైలు జాడ పట్టగలదు. లోపల ప్రయాణికుడికి జీపీఎస్ గాని, ఇంటర్నెట్ గాని లేకపోయినా అతను ఎక్కడున్నాడో అతని ఫోనుకు తెలుస్తుంది. అదే కొడుకు వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పంపాలంటే పావుగంటా, గంటా, ఎనిమిది గంటలా అని అది ముందే అడుగుతుంది. గడువు తీరగానే ఆగిపోతుంది. ఇక్కడ అడిగినవాడు తండ్రి. అవసరం స్టేషనుకు రావడం. గడువు కొడుకు చేతిలో ఉంది. ఒప్పుకోవడానికి ఎవరూ రెండోసారి ఆలోచించరు.

ఆ ప్రశ్ననే అధికారం అడిగినప్పుడు సంగతి వేరు. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చి, 1911 సవరణతో దాన్ని మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేసింది. ఎరుకల వంటి సంచార జాతులవారు రాత్రిపూట పోలీసుల ముందు హాజరు పలకాలి, ఊరు విడిచి వెళ్లాలంటే చీటీ తీసుకోవాలి. నేరం రుజువు కానక్కర్లేదు, ఆ కులంలో పుట్టడమే చాలు. స్వాతంత్ర్యం వచ్చాక అయిదేళ్లకు, 1952లో గాని ఆ చట్టం దేశమంతటా పోలేదు. ఖరక్ సింగ్ కేసులోని 236వ నిబంధన వెనక ఉన్నది ఆ ఆలోచనే. నేరానికి ముందే మనిషి జాడను పట్టి ఉంచాలన్నది దాని సారం.

ఉద్దానానికి ఇంకా దగ్గరి జ్ఞాపకం ఒకటుంది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు తుపాకీ గుండ్లకు బలయ్యాక రాజుకున్న శ్రీకాకుళ రైతాంగ పోరాటం ఏడాది తిరిగేసరికి మైదానానికి దిగింది. బొడ్డపాడు పరిసర పల్లెలు దానికి కేంద్రాలయ్యాయి. వాడెక్కడ అన్న ప్రశ్నకు ప్రాణం విలువ పలికిన రోజులవి. ఆ పోరాటాన్ని సమర్థించిన కుటుంబాలూ ఉన్నాయి, వ్యతిరేకించిన కుటుంబాలూ ఉన్నాయి. మనిషి జాడ చెప్పడం ఎంత బరువైన పనో రెండు పక్షాలకూ ఆనాడు తెలుసు. ఇక్కడివారికి గోప్యత తెలియదనడం ఈ చరిత్రను విస్మరించడమే అవుతుంది.

ఇక సాంకేతికత సంగతి. సోవియట్ యూనియన్ 1983 సెప్టెంబరు 1న దారి తప్పిన కొరియా ప్రయాణికుల విమానాన్ని కూల్చేసింది. ఆ తర్వాత అమెరికా తన సైనిక జీపీఎస్‌ను పౌరులకూ అందిస్తామని ప్రకటించింది. పౌర సంకేతంలో కావాలని పెట్టిన లోపాన్ని 2000 మే నెలలో తీసేశాకే దాని కచ్చితత్వం సామాన్యుడికి దక్కింది. కార్గిల్ యుద్ధం తర్వాత భారత్ సొంత వ్యవస్థ మీద దృష్టి పెట్టింది. 2013 జులై 1న ఇప్పటి నావిక్ వ్యవస్థలోని తొలి ఉపగ్రహాన్ని ఇస్రో పంపింది. వీటన్నిటిలో ఒక మౌలిక గుణం ఉంది. జీపీఎస్ ఉపగ్రహం దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ తన సమయాన్నీ స్థానాన్నీ ప్రకటించుకుంటూ పోతుంది. నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందితే ఫోను తన చోటును తానే లెక్కగట్టుకుంటుంది. అలాంటి ఫోనొకటి ఉందన్న సంగతే ఉపగ్రహానికి తెలియదు. బారువ తీరంలోని దీపస్తంభం ఓడలకు వెలుగు చూపినట్టే ఇదీ. ఆ వెలుగు అందుకున్న ఓడ తన పేరు చెప్పనక్కర్లేదు.

మనిషి జాడ పైకి పొక్కేది ఆ తర్వాతి మెట్టులో. కాల్ కలపాలంటే ఏ ఫోను ఏ టవరు కింద ఉందో టెలికాం సంస్థకు తెలిసి తీరాలి. చుట్టూ ఉన్న వైఫైల పేర్లను బట్టి కూడా చోటు దొరుకుతుంది. ఫోను లెక్కగట్టుకున్న అంకెలను ఒక యాప్ ఎక్కడో ఉన్న సర్వరుకు పంపినప్పుడు వెలుగు అందుకునే ఓడ కాస్తా తన జాడను తానే చాటే ఓడ అవుతుంది. చోటు తెలుసుకోవడం, చోటు తెలియజేయడం వేర్వేరు పనులు. వీటిని ఒక్క అనుమతిలో కలిపేయడం వల్లే చాలా చిక్కులు వచ్చాయి.

సముద్రం మీద ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. వేటకు వెళ్లిన పెద్దలు తీరంలోని కొబ్బరి తోపును, గుడి శిఖరాన్ని, వాటి వెనక లేచిన మహేంద్రగిరిని ఒకే వరుసలోకి తెచ్చి తమ చోటు పట్టేవారు. చేప బాగా పడే తావు ఏ గుర్తులు కలిసే చోట ఉందో తండ్రి కొడుక్కి చెప్పేవాడు. పక్క పడవకు చెప్పేవాడు కాదు. ఇప్పుడు ఆ గుర్తులు చేతి జీపీఎస్‌లో అంకెలయ్యాయి. దాపరికం మాత్రం అలాగే ఉంది. భావనపాడులో, మంచినీళ్లపేటలో, నువ్వలరేవులో జీపీఎస్ వద్దనేవారు ఉండరు. హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ చేపలుండే చోట్ల గురించి ఇచ్చే సూచనలను వాడుకుంటారు. తన తావు నలుగురికీ తెలియడం వేరు సంగతి.

ఆ దాపరికానికి మరోవైపు ఏముందో 2018 నవంబరు చూపించింది. గుజరాత్‌లోని వేరావల్ నుంచి వేటకు వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులను సముద్ర సరిహద్దు దాటారంటూ పాకిస్తాన్ దళాలు పట్టుకుపోయాయి. ఏడాదికి పైగా జైల్లో మగ్గాక 2020 జనవరి 6న 20 మంది వాఘా మీదుగా తిరిగివచ్చారు. ఎచ్చెర్ల మండలంలోని డి.మత్స్యలేశం వంటి పల్లెల్లో ఆ ఏడాది ఎలా గడిచిందో 'తండేల్' సినిమా వచ్చాక రాష్ట్రమంతటికీ తెలిసింది. నీటి మీద గీత కనిపించదు. తాను ఎక్కడున్నాడో తనకు తెలియకపోవడం, తానెక్కడ చిక్కుకున్నాడో ఒడ్డుకు తెలియకపోవడం రెండూ ప్రాణాంతకమే.

ఇలాంటి ఆపదల కోసమే కేంద్రం ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద లక్ష పడవలకు ఇస్రో ట్రాన్స్‌పాండర్లు అమర్చే పథకాన్ని 364 కోట్ల రూపాయల అంచనాతో చేపట్టింది. 2024 ఆగస్టు 30న పాల్ఘర్‌లో దాన్ని ప్రారంభించారు. సెల్ సంకేతం అందని దూరంలోనూ పెట్టె పనిచేస్తుంది. తుపాను కబురు పడవకు చేరుతుంది, ఆపదలో మీట నొక్కితే ఒడ్డుకు తెలుస్తుంది, సరిహద్దు దగ్గర పడితే హెచ్చరిక వస్తుంది. అడిగినవాడు బదులుగా ఏం ఇస్తాడన్న మొదటి ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు దొరకదు. మిగిలిన రెండు ప్రశ్నలు నిలిచే ఉన్నాయి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధంలో కేసులు పెట్టడానికీ ఈ రికార్డే వాడతారా? రోజూ ఏ పడవ ఎక్కడ వల వేసిందో చూపే పటం ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది, ఎవరెవరు చూస్తారు? ఈ ప్రశ్నలు అడిగే తండేలు, అంటే పడవ పెద్ద, భద్రతను కాదనడం లేదు. భద్రత కోసం ఇచ్చింది భద్రతకే వాడాలంటున్నాడు.

నేల మీది ఆపదకు 2018లోనే మరో నిదర్శనం ఉంది. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో గంటకు 140, 150 కిలోమీటర్ల గాలులతో తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. కరెంటు పోయింది, సెల్‌టవర్లు మూగబోయాయి. లొకేషన్ సేవల మీద నమ్మకం పెట్టుకున్న మనిషికి అత్యవసర ఘడియల్లోనే అవి అందలేదు. చోటు చెప్పించుకునే వ్యవస్థ గాలివానకు తట్టుకుని నిలవడం కూడా దాని బాధ్యతలో భాగమే.

తుపాను హెచ్చరికలోనే ఎవరి జాడా అడగని ఒక పద్ధతి రూపుదిద్దుకుంది. ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ తయారుచేసిన సెల్ బ్రాడ్‌కాస్ట్ వ్యవస్థను 2023లో దేశమంతటా పరీక్షించారు. ఫోన్లన్నీ ఒక్కసారి పెద్దగా మోగి తెర మీద హెచ్చరిక చూపింది అప్పుడే. ఇందులో టవరు తన పరిధిలోని ఫోన్లన్నిటికీ ఒకేసారి కబురు చాటుతుంది. అక్కడ ఎవరున్నారో, ఎందరున్నారో ఎవరూ నమోదు చేయరు. వజ్రపుకొత్తూరు మండలానికి మాత్రమే చెప్పాల్సిన మాట ఆ మండలానికే వెళుతుంది. ఏ ఒక్కరి జాడా సర్వరు చేరదు. చోటును బట్టి సేవ అందాలంటే మనిషి తన చోటు అప్పగించి తీరాలన్న వాదన ఇక్కడ వీగిపోతుంది. పిడుగుల హెచ్చరికకు పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తెచ్చిన 'దామిని' యాప్ దీనికి భిన్నం. ఫోను ఉన్న చోటు తెలిస్తేనే 20, 40 కిలోమీటర్ల పరిధిలోని ముప్పును అది చెప్పగలదు. రెండు పద్ధతులకూ తావుంది. మొదటిది చాలిన చోట రెండోదాన్ని అడగడం మాత్రం తగదు.

సంక్షేమ ప్రభుత్వం చోటు అడిగే తీరు ఇంకా చిక్కైనది, ఎందుకంటే అక్కడ కాదనడం కష్టం. ఉపాధి హామీ పనిచోట మేటు రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీసి, ఆ చోటు ముద్రతో సహా ఎన్‌ఎంఎంఎస్ యాప్‌లో ఎక్కించాలి. 2023 జనవరి 1 నుంచి దేశంలో దీన్ని తప్పనిసరి చేశారు. సంకేతం అందక ఫొటో ఎక్కకపోతే ఆ రోజు కూలికి ముప్పు వస్తుంది. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధ్యాయులు ముఖ ఆధారిత హాజరు యాప్‌ను సొంత ఫోన్లలో వేసుకోబోమన్నారు. ప్రభుత్వమే పరికరాలు ఇవ్వాలని వారి సంఘాలు అడిగాయి. హాజరును వారు వ్యతిరేకించలేదు. సొంత ఫోనుకూ ఉద్యోగానికీ మధ్య గీత ఉండాలన్నారు. ఉపాధ్యాయుడికి సంఘం ఉంది కాబట్టి ఆ మాట వినిపించింది. ఉపాధి కూలికి ఆ గొంతు లేదు. ఇద్దరి ఒప్పుకోలునూ ఒకే అంకెగా లెక్కవేస్తే సమ్మతికీ తప్పనిసరికీ తేడా మాయమవుతుంది.

ఇలా సేకరించిన సమాచారం ఎటు పోతుందో 2018 ఏప్రిల్‌లో ఒకసారి బయటపడింది. రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లక్షా 30 వేలకు పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, కులం, మతం వంటి వివరాలతో సహా ఎవరైనా చూసేలా ఉన్నాయని పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి వెల్లడించారు. కులం, మతం ఆధారంగా ఇళ్లను పటం మీద గుర్తించే వీలుందని పత్రికలు రాశాయి. ఆ తర్వాత వివరాలు తొలగించారు. ఇల్లు కట్టించమని చోటు చెప్పినవారు తమ కులాన్ని పటానికెక్కించమని అడగలేదు.

కొవిడ్ ఈ ప్రశ్నలన్నిటినీ ఒక్కచోటికి తెచ్చింది. 2020 మార్చి చివర రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ హోం క్వారంటైన్‌లోని 25 వేల మంది ఫోన్లను టవర్ల ఆధారంగా గమనించే వ్యవస్థ ఏర్పాటు చేసింది. ఇంటికి 100 మీటర్లు దాటితే అధికారులకు హెచ్చరిక వెళ్లేది. ఇంట్లో లేకపోవడాన్ని నివేదించాలన్న నాటి చౌకీదారు పనిని ఇక్కడ టవరు చేసింది. తేడా ఏమిటంటే ఇందులో ప్రజారోగ్యం అనే న్యాయమైన కారణం ఉంది. ఏప్రిల్ 2న ఆరోగ్య సేతు యాప్ వచ్చింది. మే 1న కేంద్రం దాన్ని ఉద్యోగులకు తప్పనిసరి చేసింది. డేటా రక్షణ బిల్లుకు ముసాయిదా రాసిన కమిటీకి నాయకత్వం వహించిన జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ, అలా తప్పనిసరి చేయడానికి చట్టబద్ధత లేదని బహిరంగంగా విమర్శించారు. మే 11న వెలువడిన మార్గదర్శకాలు డేటాను 180 రోజులకు మించి ఉంచరాదన్నాయి. గడువు అనే ఆలోచన ప్రభుత్వ కాగితం మీదికి రావడం చిన్న విషయం కాదు. అది ముందే రాకుండా, విమర్శ వచ్చాక రావడమే విచారకరం.

ఉద్దానానికి ప్రత్యేకమైన వేదన మరొకటి ఉంది. కారణం ఇప్పటికీ పూర్తిగా తేలని మూత్రపిండాల వ్యాధి ఇక్కడి ఊళ్లను ఏళ్ల తరబడి పీడిస్తోంది. పలాసలో 2023 డిసెంబరు 14న 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. టెక్కలి, సోంపేట, కవిటిల్లోనూ డయాలసిస్ జరుగుతోంది. ఒక ఫోను వారానికి రెండు మూడు రోజులు, రోజుకు నాలుగు గంటల చొప్పున ఒకే భవనంలో ఉంటే ఆ ఫోను సొంతదారు జబ్బేమిటో ఏ వైద్యుడూ చెప్పనక్కర్లేదు. ఇక్కడి ఊళ్లతో పెళ్లి సంబంధాలకు బయటివారు వెనకాడుతున్నారని పత్రికలు పలుమార్లు రాశాయి. అప్పు ఇచ్చే సంస్థకూ బీమా అమ్మేవాడికీ ఆ నాలుగు గంటల విలువ తెలుసు. పేరు తీసేస్తే చాలదా అంటే చాలదు. 15 లక్షల మంది ఫోన్ల జాడలను 15 నెలల పాటు పరిశీలించిన ఒక అధ్యయనం 2013లో వెలువడింది. సమయంతో సహా నాలుగు చోట్లు తెలిస్తే 95 శాతం మందిని ఆ గుంపులో విడిగా గుర్తుపట్టవచ్చని అది తేల్చింది. ఊరు చిన్నదైతే నాలుగు కూడా అక్కర్లేకపోవచ్చు.

పలాస–కాశీబుగ్గ జీడి పరిశ్రమలో పిక్క ఒలిచి, పప్పును రకాలుగా వేరుచేసే చేతులు ఎక్కువగా ఆడవాళ్లవి. పొద్దుపోయాక ఇంటికి నడిచి వెళ్లే మహిళకు ఆపదలో తన చోటు పోలీసుకు తెలియడం అవసరం. 2020 ఫిబ్రవరిలో వచ్చిన దిశ యాప్‌లో ఫోను ఊపితే చాలు, ఆమె జాడ కంట్రోల్ రూముకు చేరేది. దాని స్థానంలో 2025 మార్చి 8న శక్తి యాప్ వచ్చింది. ఇలాంటి సేవ మంచిదనడంలో సందేహం లేదు. అయితే దిశను జనం ఫోన్లలో వేయించాలని లక్ష్యాలు పెట్టి వెంటపడ్డప్పుడు, ఆ యాప్ ఎవరిని కాపాడాలో వారికే అనుమానం కలిగింది. ఆపద యాప్‌కు కావలసిన మొదటి పెట్టుబడి నమ్మకం. బలవంతం పెట్టిన చోట అది పుట్టదు.

మహిళ విషయంలో నిఘా కన్ను బయటే ఉండనక్కర్లేదు. భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లలోని మహిళలతో మాట్లాడి నిత్య సాంబశివన్, ఆమె సహచరులు 2018లో ప్రచురించిన అధ్యయనం ఒక ముఖ్యమైన సంగతి చెప్పింది. ఫోను ఇంట్లో నలుగురి చేతుల్లో తిరిగేది కాబట్టి ఆ మహిళలు యాప్‌లకు తాళం వేసుకోవడం, సందేశాలు చెరిపేయడం వంటి ఉపాయాలు కనిపెట్టుకున్నారు. గోప్యత గురించి ఏమీ తెలియనివారు ఇంత శ్రమ పడరు. కొడుకు కోసం తండ్రి చూసే లైవ్ లొకేషన్, భార్య మీద అనుమానంతో భర్త చూసే లైవ్ లొకేషన్ సాంకేతికంగా ఒకటే. వాటిని వేరుచేసేది ఆమె ఆపేయగలదా లేదా అన్నదే.

వ్యాపారం దగ్గరికి వస్తే అప్పు యాప్‌ల ఉదంతం చాలు. 2020 చివర తెలంగాణలో, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో ఈ యాప్‌ల వేధింపులు ఆత్మహత్యల దాకా వెళ్లాయి. కొద్ది వేల అప్పుకు ఫోనులోని పరిచయాలు, ఫొటోలు, చోటు అన్నీ తాకట్టు పెట్టించుకున్నారు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు పరిచయాల పట్టికనూ ఫొటోలనూ అడగరాదంది. లొకేషన్‌ను ఖాతాదారుడి గుర్తింపు ప్రక్రియ కోసం ఒక్కసారి, స్పష్టమైన అనుమతితో మాత్రమే అడగాలంది. ఫోన్లలో ఇప్పుడు కనిపించే 'ఈసారి మాత్రమే', 'యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే' అన్న మీటలు కూడా మొదటి నుంచీ ఉన్నవి కావు. ఉజ్జాయింపు చోటు మాత్రమే ఇచ్చే వీలు ఆ తర్వాత వచ్చింది. కిరాణా సరుకు తెచ్చే యాప్‌కు వీధి తెలియాలి. వాతావరణం చెప్పే యాప్‌కు మండలం తెలిస్తే చాలు.

పరిశోధనలూ ఈ తూకాన్నే చూపుతున్నాయి. నెల రోజుల పాటు మీ ఫోను జాడ పట్టుకుంటే ఎంత తీసుకుంటారని 2005లో కేంబ్రిడ్జి పరిశోధకులు విద్యార్థులను అడిగారు. శాస్త్ర పరిశోధనకైతే మధ్యస్థంగా 10 పౌండ్లు అడిగినవారు, వ్యాపారానికి వాడతామనగానే దాన్ని రెట్టింపు చేశారు. ఇచ్చే సమాచారం అదే. మారింది దాన్ని వాడుకునే ప్రయోజనం. భారతీయుల గోప్యతా వైఖరులపై పొన్నురంగం కుమారగురు, నిహారిక సచ్‌దేవా 2012లో పది వేల మందికి పైగా అడిగి చేసిన సర్వే ఈ దేశంలో ఈ ప్రశ్నను గణాంకాల్లోకి తెచ్చిన తొలి ప్రయత్నాల్లో ఒకటి. కుమారగురు ఇప్పుడు హైదరాబాదు ఐఐఐటీలో ఆచార్యులు. ఉద్దానం వంటి చోట ఆ అధ్యయనం ఇంకా లోతుగా జరగాలి.

న్యాయస్థానాలు ఈ దారిలో నడిచిన తీరులో తెలుగువారి పాత్ర చెప్పుకోదగ్గది. స్టాంపు చట్టానికి ఆంధ్రప్రదేశ్ 1986లో తెచ్చిన సవరణ బ్యాంకుల్లోని ఖాతాదారుల పత్రాలను తనిఖీ చేసే అధికారాన్ని కలెక్టరుకూ ఆయన నియమించిన ఎవరికైనా ఇచ్చింది. దాన్ని 2004లో కెనరా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. పత్రాలు ఇల్లు దాటి బ్యాంకుకు చేరినా వాటి మీది గోప్యత పోదని, ఆ హక్కు మనిషిని అంటిపెట్టుకుని ఉంటుంది గాని చోటును కాదని చెప్పింది. సర్వరులో ఉన్న జాడకూ ఇదే వర్తించాలి. 2015లో గోప్యత ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి నివేదించిన ముగ్గురు న్యాయమూర్తులకు నేతృత్వం వహించినది జస్టిస్ జాస్తి చలమేశ్వర్. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించారు. ఖరక్ సింగ్ తీర్పులో గోప్యతను నిరాకరించిన భాగాన్ని తోసిపుచ్చి, 55 ఏళ్ల నాటి సుబ్బారావు మాటను నిలబెట్టారు. రాజ్యం జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, సముచితమైన లక్ష్యం ఉండాలి, చర్య ఆ లక్ష్యానికి మించకూడదు అన్న కొలమానం అప్పుడే స్థిరపడింది.

ఆ కొలమానం నేరుగా ఫోను మీదికి వచ్చింది 2024 జులై 8న. బెయిలు మీద ఉన్నవాడు గూగుల్ మ్యాప్స్‌లో తన చోటును పోలీసులకు నిరంతరం చూపాలన్న షరతు చెల్లదని ఫ్రాంక్ వైటస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నిందితుడికే ఆ రక్షణ ఉన్నప్పుడు ఏ నేరమూ ఆరోపించని కూలికీ రోగికీ మత్స్యకారుడికీ అంతకు తక్కువ దక్కడం సమంజసం కాదు.

పార్లమెంటు 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది. 2025 నవంబరులో నియమాలు వచ్చాయి. అందులోని ప్రధాన బాధ్యతలు పద్దెనిమిది నెలల గడువు తర్వాత అమలులోకి వస్తాయి. సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా ఉండాలని, ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలుండాలని చట్టం అంటుంది. ప్రభుత్వ పథకాలు, విపత్తులు, అంటువ్యాధులు, ఉద్యోగ అవసరాలు మాత్రం సమ్మతి అక్కర్లేని జాబితాలో ఉన్నాయి. భద్రత పేరుతో ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చే వీలు కూడా ఉంది. అంటే ఉద్దానంలో మనిషి చోటు ఎక్కువగా అడిగే సందర్భాలన్నీ చట్టం సడలింపు ఇచ్చిన వైపే ఉన్నాయి. సమ్మతి అడగనక్కర్లేని చోట గడువూ ప్రయోజనమూ మరింత గట్టిగా రాసిపెట్టాలి.

ఇందుకు ఢిల్లీ నుంచి కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. పడవకు ట్రాన్స్‌పాండరు బిగించే ముందే ఆ జాడను ఎవరు చూస్తారు, ఎన్ని రోజులు ఉంచుతారు, నిషేధ కాలపు కేసుల్లో వాడతారా అన్నదానికి మత్స్యశాఖ నుంచి రాతపూర్వక సమాధానం తీసుకునే హక్కు భావనపాడు, మంచినీళ్లపేట మత్స్యకార సంఘాలకు ఉంది. డయాలసిస్ కేంద్రాలకు రోగిని తీసుకొచ్చే వాహనాల జాడ, రోగి పేరుతో ముడిపడకుండా ఉండేలా చూడటం జిల్లా ఆరోగ్య యంత్రాంగం చేయగలిగిన పని. ఉపాధి పనిచోట సంకేతం అందని రోజున కాగితపు హాజరుకు విలువ ఇవ్వడానికీ పెద్ద ఖర్చు లేదు. సమ్మతి నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా అడిగే వీలు చట్టం ఇచ్చింది. సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం మండలాల్లో ఒడియా మాట్లాడే కుటుంబాలు తక్కువేమీ కాదు. కాబట్టి ఆ నోటీసులు తెలుగులోనూ ఒడియాలోనూ కావాలని ఈ సభకు వచ్చిన న్యాయవాదులు, ఉపాధ్యాయులు సంబంధిత శాఖలకు ఇప్పటి నుంచే రాయవచ్చు. నియమాలు పూర్తిగా అమలులోకి వచ్చేనాటికి ఆ కాగితాలు మండల కార్యాలయాల్లో సిద్ధంగా ఉండాలి.